రంగుకు అడ్డుకట్ట: ఇంట్లో స్క్రీన్ ప్రింటింగ్



సంక్రాంతి దగ్గర పడుతుంటే మన సంతల్లోకి ముగ్గు జల్లెడలు అమ్మకానికి వస్తాయి. మీరు చూసే ఉంటారు. గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ, దాన్నిండా చిల్లులు. నేల మీద పెట్టి, పైన ముగ్గు పోసి, చేత్తో ఒకసారి అటూ ఇటూ రాస్తే చాలు. ఎత్తి చూస్తే కింద తామరపువ్వు. చుక్కలు పెట్టడం రాని పిల్ల కూడా వాకిలంతా నింపేస్తుంది. పెద్దవాళ్ళు మాత్రం "ఇదేం ముగ్గు, చెయ్యి తిరగొద్దూ?" అని విసుక్కుంటారు. వాళ్ళ మాటా కాదనలేం. అయినా ఆ జల్లెడలో ఒక మంచి విద్య ఉంది. చిల్లు ఉన్నచోట పిండి దిగింది. చిల్లు లేనిచోట ఆగిపోయింది.

ఈ పూట మనం మాట్లాడుకునేది స్క్రీన్ ప్రింటింగ్ గురించి. ఇంట్లో, వసారాలో, ఉన్న వస్తువులతో, కొత్తగా మొదలుపెట్టే వాళ్ళ కోసం. ఒక మాట ఇప్పుడే చెప్పేస్తాను. మధ్యలో మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి. ఈ పనిలో రంగు పూయడం చిన్న సంగతి. రంగును ఆపడం పెద్ద సంగతి. రంగుకు ఎక్కడ దారి, ఎక్కడ అడ్డు? అది తేల్చుకుంటే సగం పని వచ్చినట్టే.

మన చింతూరులో కూర్చుని ఇది ఎందుకు నేర్చుకోవాలి అంటారా? పొదుపు సంఘం వాళ్ళు ఓ పాతిక గుడ్డసంచుల మీద సంఘం పేరు వేయించాలనుకున్నారనుకోండి. పాతిక సంచులంటే ఏ ప్రెస్సూ ఆసక్తి చూపించదు. ఒప్పుకున్నా భద్రాచలమో రాజమండ్రో పోయి రావాలి. బస్సు ఛార్జీ, టీ, భోజనం కలుపుకుంటే సంచి కన్నా దాని మీద అచ్చే ఖరీదవుతుంది. వానాకాలంలో మారేడుమిల్లి ఘాట్‌లో చెట్టు కూలిందో, శబరి పొంగి రోడ్డెక్కిందో, ఆ పనీ లేదు. పెద్ద యంత్రాలకు వేలల్లో ఆర్డరు కావాలి. చిన్న ఊళ్ళకు కావలసినవి పదులు, పాతికలు. ఆ పదుల కోసం, పాతికల కోసం పుట్టిన పని ఇది.

ఇప్పుడు ఒక చిన్న ఆట ఆడదాం. మనసులో ఒక రేకు ముక్క ఊహించుకోండి. దాని మీద మన ఊరి పేరు రాశాం. చింతూరు. ఆ అక్షరాల గీతల వెంబడి రేకును కత్తిరించేశాం. రేకును సంచి మీద పెట్టి రంగు కొడితే పేరు పడాలి కదా. పడదు. ఎందుకంటే సున్న కత్తిరించగానే దాని నడిబిళ్ళ ఊడి కింద పడిపోతుంది. 'ర' లోపలి బిళ్ళా ఊడిపోతుంది. 'చి' మీది గుడి లోపలా అంతే. మిగిలేవి పెద్ద పెద్ద కన్నాలు. రంగు కొడితే అక్షరాలు పడవు, మరకలు పడతాయి.

ఇంగ్లీషు వాళ్ళకూ ఈ బాధ ఉంది. కానీ తక్కువ. ఎల్, టి, ఎం, ఎన్ లాంటి అక్షరాల్లో మూసుకుపోయిన గది లేదు. మన లిపి గుండ్రటి లిపి. అడుగడుగునా మూసిన గదులే. లారీల మీద, ధాన్యం బస్తాల మీద రేకుతో కొట్టిన తెలుగు అక్షరాలు గమనించండి. మధ్యలో తెగి తెగి ఉంటాయి. ఊడిపోకుండా నడిబిళ్ళను పట్టి ఉంచడానికి రేకులో సన్నటి వంతెనలు వదిలేస్తారు. ఆ వంతెన ఉన్నచోట రంగు పడదు. అక్షరం విరిగినట్టు కనిపిస్తుంది. పని నడుస్తుంది కానీ అందం ఉండదు.

నడిబిళ్ళను గాలిలో నిలబెట్టేది ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబే స్క్రీన్.

జపాను వాళ్ళు దీన్ని చాలా కాలం కిందటే పట్టుకున్నారు. వాళ్ళ దగ్గర కటగామి అని ఒక పద్ధతి ఉంది. కిమోనో బట్టల మీద పూలు, లతలు అద్దడానికి కాగితపు అచ్చులు. నారతో చేసిన పల్చటి కాగితాలను పొరలు పొరలుగా అతికించి, సన్నటి కత్తితో చెక్కుతారు. ఊడిపోయే చిన్న చిన్న ముక్కలను పట్టి ఉంచడానికి ఆ కాగితం మీద పట్టుదారాల వల అతికిస్తారు. దారం సన్నం. రంగు దాని చుట్టూ దిగి కింద కలిసిపోతుంది. వల గుర్తు బట్ట మీద కనపడదు.

ఇక్కడ మన అడవి మాట ఒకటి చెప్పాలి. ఆ జపాను కాగితం రంగుకూ నీళ్ళకూ నానిపోకూడదు కదా. అందుకని దానికి ఒక పచ్చికాయ రసం పట్టిస్తారు. పెర్సిమన్ అనే కాయ, ఒగరు రసం. ఆ చెట్టు ఏ వంశానిదో తెలుసా? మన తునికి చెట్టు వంశానిదే. ఎండాకాలంలో తెల్లవారుజామున లేచి మనం ఆకు కోసి కట్టలు కట్టే తునికి, వాళ్ళు కాగితానికి రసం పట్టించే చెట్టు, రెండూ ఒకే జాతి దాయాదులు. తునికికాయ పచ్చిది కొరికిన వాళ్ళకు ఆ ఒగరు ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

తర్వాత 1907లో ఇంగ్లండులోని మాంచెస్టరులో శామ్యూల్ సైమన్ అనే ఆయన పట్టుగుడ్డను చట్రానికి బిగించి అచ్చు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పట్టుగుడ్డే కాబట్టి దాన్ని సిల్క్ స్క్రీన్ అన్నారు. ఇప్పుడు పట్టు వాడేవాళ్ళు అరుదు. పాలిస్టరు జాలీ వచ్చింది. కొట్లో మెష్ అని అడిగితే ఇస్తారు. చట్రానికి బిగించిన జాలీ, ఆ జాలీలో కొన్ని చోట్ల అడ్డు, కొన్ని చోట్ల దారి. పైన రంగు పోసి రబ్బరు బద్దతో లాగితే దారి ఉన్నచోట దిగుతుంది. స్క్రీన్ ప్రింటింగ్ అంటే ఇంతే. ఆ రబ్బరు బద్దను స్క్వీజీ అంటారు.

సరే, ఇంట్లో మొదలుపెడదాం. చాలామంది మొదటిరోజే ఎమల్షన్లు, రసాయనాలు కొని తెచ్చుకుంటారు. వద్దు. నా మాట వినండి. మొదట కాగితంతో మొదలుపెట్టండి. ఒక పాత పల్చటి పాలిస్టరు కర్టెన్ ముక్క చాలు. వెలుతురుకు పట్టి చూస్తే పోగుల మధ్య సన్నటి కళ్ళు సమంగా కనపడాలి. ఎంబ్రాయిడరీ చేసే గుండ్రటి చట్రం ఇంట్లో ఉంటే దానికి బిగించండి. లేదంటే నాలుగు కర్రబద్దలతో ఫ్రేము చేయించండి. మన దగ్గర వడ్రంగులకు కొదవా, కర్రకు కొదవా? ఒక్కటే జాగ్రత్త. ఫ్రేమును నేల మీద పెడితే నాలుగు మూలలూ నేలకు ఆనాలి. ఒక మూల లేస్తే అచ్చు ఒకవైపు పడి ఒకవైపు పడదు. గుడ్డను గట్టిగా లాగి మేకులు కొట్టండి. వేలితో తట్టి వినండి. మోగాలి. మోగకపోతే వదులుగా ఉన్నట్టు. విప్పి మళ్ళీ బిగించండి. బద్ధకించకండి, వదులు జాలీతో ఎంత తిప్పలు పడినా గీత గీతలా పడదు.

ఇప్పుడు ఒక పల్చటి కాగితం తీసుకోండి. దాని మీద మీ ఇష్టం వచ్చిన బొమ్మ. మన కొమ్ముకోయ నాట్యంలో తలకు కట్టే కొమ్ముల కిరీటం ఉంది కదా, నెమలీకలు పెట్టి కట్టేది. ఆ కొమ్ముల ఆకారం గీయండి. రెండు వంపులు, మధ్యలో ఒక బుర్ర. గీసింది బ్లేడుతో కత్తిరించి తీసేయండి. కింద బట్ట, దాని మీద కన్నం పడిన కాగితం, దాని మీద జాలీ. వరుస మరిచిపోకండి. బట్ట, కాగితం, జాలీ.

జాలీ మీద ఒక చివర రంగు పోయండి. బట్టల రంగులమ్మే కొట్లో పిగ్మెంట్ రంగు, బైండర్ అని దొరుకుతాయి. రెండూ కలిపినది గడ్డపెరుగులా ఉండాలి. పల్చనైతే కాగితం అంచుల కిందికి పాకుతుంది. రబ్బరు బద్దను కొంచెం వాల్చి పట్టుకుని, ఆపకుండా, ఒకే బరువుతో, ఒక్క ఊపున మీ వైపు లాగండి. ఎత్తండి.

కాగితం ఏమైందో చూశారా? కింద పడలేదు. రంగు తడికి జాలీకి కరుచుకుంది. అచ్చులో సున్న ఉంటే దాని నడిబిళ్ళను కూడా విడిగా సరైన చోట పెట్టి ఒకసారి లాగి చూడండి. అదీ జాలీకి కరుచుకుంటుంది. వంతెన అక్కర్లేదు. ఇందాక రేకు మీద ఊడిపోయిన బిళ్ళ ఇప్పుడు జాలీ పట్టుకుని వేలాడుతోంది. తెలుగు అక్షరం విరగకుండా పడింది. ఇక్కడిదాకా వస్తే మీకు స్క్రీన్ ప్రింటింగ్ అర్థమైపోయినట్టే. మిగతాదంతా ఆ అడ్డును ఇంకా గట్టిగా, ఇంకా సన్నగా ఎలా పెట్టాలా అన్నదే.

కాగితం కొన్ని ముద్రలకే నానిపోతుంది. పోనీయండి. పిల్లలకు అయితే కాగితం కూడా వద్దు. పుస్తకంలో నొక్కిపెట్టి ఎండిన పల్చటి ఆకును బట్టకూ జాలీకీ మధ్య పెట్టి రంగు లాగమనండి. ఆకు ఉన్నచోట బట్ట తెల్లగా మిగులుతుంది. చుట్టూ రంగు. ఆకు అడ్డం పడింది కాబట్టి. అడ్డాకు లాంటి మందపాటి ఆకులు పనికిరావు. మందం వల్ల అంచు చుట్టూ సందు మిగులుతుంది.

దీని తర్వాత మెట్టు ఎనామిల్ పెయింటు. తలుపులకు వేయగా డబ్బా అడుగున మిగిలిన పెయింటుంటే చాలు. జాలీ కింద మీ బొమ్మ కాగితం పెట్టుకుని, పైన రంగు పడకూడని చోటంతా కుంచెతో ఎనామిల్ పూసేయండి. బాగా ఆరనివ్వండి. నీళ్ళ రంగు ఎనామిల్‌ను దాటదు. ఈ స్క్రీను కడిగి కడిగి వాడుకోవచ్చు. సన్నటి అక్షరాలు రావు. పెద్ద బొమ్మలు, లావు అక్షరాలు చక్కగా వస్తాయి. గుడ్డసంచులకు ఇది చాలు. నిజం చెప్పాలంటే చాలామంది ఇళ్ళలో ఇక్కడే ఆగిపోయినా నష్టమేమీ లేదు.

సన్నటి అక్షరాలు కావాలంటే మాత్రం వెలుగుతో పని చేయించుకోవాలి. ఇది కొంచెం నిదానంగా వినండి.

కొన్ని పదార్థాలకు వెలుగు తగిలితే గట్టిపడే గుణం ఉంది. స్క్రీను మీద పూసే ఎమల్షన్ అలాంటిది. పచ్చిగా ఉన్నప్పుడు నీళ్ళలో కరుగుతుంది. వెలుగు తగిలాక కరగదు. కాబట్టి ఏం చేస్తాం? జాలీ మొత్తానికి ఎమల్షన్ పల్చగా పూసి, చీకట్లో ఆరబెడతాం. దాని మీద నల్లటి బొమ్మ ఉన్న పారదర్శక కాగితం పెట్టి వెలుగులో పెడతాం. నల్లటి బొమ్మ నీడ పడినచోట వెలుగు తగలదు. అక్కడ మెత్తగానే ఉంటుంది. మిగతాదంతా గట్టిపడుతుంది. తర్వాత నీళ్ళు పోస్తే మెత్తని చోటు కొట్టుకుపోతుంది. అక్కడ దారి. గట్టిపడినచోట అడ్డు. మళ్ళీ అదే మాట. దారి, అడ్డు.

నల్లటి బొమ్మ కాగితాన్ని పనివాళ్ళు పాజిటివ్ అంటారు. దీనికి ప్రత్యేకమైన ఫిల్ము అక్కర్లేదు. ట్రేసింగ్ పేపరు మీద లేజరు ప్రింటు తీయించండి. ట్రేసింగ్ పేపరు దొరకకపోతే మామూలు తెల్ల కాగితం మీద తీయించి, వెనకవైపు కొబ్బరినూనె రాసి, మిగిలిన నూనె తుడిచేయండి. కాగితం పారదర్శకంగా అవుతుంది. చిన్న ప్రెస్సుల్లో ఎప్పటినుంచో వాడుతున్న కిటుకు ఇది. నలుపు మాత్రం కారు నలుపుగా ఉండాలి. బూడిదరంగు నలుపు వెలుగును ఆపలేదు.

ఆరబెట్టడం దగ్గరే మన ప్రాంతం వాళ్ళకు అసలు పరీక్ష. జూలై, ఆగస్టుల్లో చింతూరు గాలిలో తడి ఎంత ఉంటుందో మీకు తెలుసు. ఉతికిన బట్ట మూడు రోజులకూ ఆరదు. ఎమల్షనూ అంతే. పైకి ఆరినట్టు కనపడుతుంది, లోపల తడి ఉంటుంది. అలాంటిదాన్ని వెలుగులో పెట్టి నీళ్ళు పోస్తే ఉండాల్సిన అడ్డు కూడా చెక్కలు చెక్కలుగా ఊడి వస్తుంది. "సామాను మంచిది కాదు" అని కొట్టువాడిని తిట్టుకుంటాం. సామాను మంచిదే. అది ఆరలేదు. వానాకాలంలో రాత్రి పూసి, కిటికీలు మూసిన గదిలో పసుపు బల్బు కిందో, చీకట్లోనో, ఫ్యాను గాలికి ఒక రాత్రంతా ఉంచండి. కరెంటు పోతే ఇంకో రాత్రి ఉంచండి. తొందరపడకండి.

ఇక వెలుగు. పట్నాల్లో లైట్ల పెట్టెలు పెట్టుకుంటారు. మనకు సూర్యుడున్నాడు. కానీ సూర్యుడికి స్విచ్చి లేదు కదా. ఎన్ని సెకన్లు పెట్టాలి? ఇది ఎవరూ చెప్పలేరు. మీ ఎమల్షన్ వేరు, మీ ఎండ వేరు. అందుకని పరీక్ష చేసి తెలుసుకోవాలి. స్క్రీను మీద పాజిటివ్, దాని మీద అద్దం పెట్టండి. అద్దం మీద అట్టముక్కతో మొత్తం మూయండి. ఎండలోకి తెచ్చి అట్టను కొంచెం జరపండి. పది అంకెలు లెక్కపెట్టి ఇంకొంచెం జరపండి. మళ్ళీ పది. అలా చివరిదాకా. ఇప్పుడు కడిగి చూస్తే ఒక పట్టీ మరీ మెత్తగా కొట్టుకుపోయి ఉంటుంది. ఇంకోటి మరీ గట్టిపడి బొమ్మ తెరుచుకోదు. మధ్యలో ఒక పట్టీ శుభ్రంగా ఉంటుంది. అదే మీ లెక్క. గోడ మీద రాసి పెట్టుకోండి. మాఘమాసపు ఎండకూ వైశాఖపు ఎండకూ లెక్క వేరు. మబ్బు రోజున ఈ పని పెట్టుకోకండి.

కడిగేటప్పుడు మెల్లగా, రెండు వైపులా నీళ్ళు చిలకరించండి. రెండు నిమిషాలు నానితే బొమ్మ దానంతటదే తెరుచుకుంటుంది. వేళ్ళతో రుద్దొద్దు. ఆరాక స్క్రీనును వెలుతురుకు పట్టి చూడండి. సూదిమొనంత చుక్కలు అక్కడక్కడా మెరుస్తుంటాయి. అక్కడ అడ్డు పడలేదన్నమాట. కుంచె కొసతో ఎమల్షన్ చుక్క పెట్టి మూసేసి మళ్ళీ ఎండ చూపించండి.

ఒక హెచ్చరిక. ఇది రెండుసార్లు చెబుతాను. పాత పద్ధతిలో ఎమల్షన్‌కు వెలుగు గుణం రావడానికి నారింజరంగు పొడి ఒకటి కలుపుతారు. బైక్రోమేట్ అంటారు. చవక. చాలా చోట్ల ఇప్పటికీ వాడుతున్నారు. అది విషం. చర్మానికి పుండ్లు, ఊపిరితిత్తులకు క్యాన్సరు ముప్పు. ఆ పొడి ఇంట్లోకి తేవద్దు. పిల్లలున్న ఇంట్లోకి అసలు తేవద్దు. దాన్ని కడిగిన నీళ్ళు వాగులోకి పోతే చేపలకూ మనకూ చేటు. ఏ పొడీ కలపక్కర్లేకుండా డబ్బాలో తయారుగా వచ్చే ఎమల్షన్లు ఉన్నాయి. కాస్త ధర ఎక్కువ. అదే తీసుకోండి. తీసుకునేటప్పుడు "నీళ్ళ రంగుకు తట్టుకునేది ఇవ్వండి" అని అడగడం మరవొద్దు. అన్నీ తట్టుకోవు. మళ్ళీ చెబుతున్నాను. నారింజరంగు పొడి వద్దు.

మన ఎండ గురించి ఇంకో మాట. మే నెలలో మధ్యాహ్నం పూట రంగు జాలీ కళ్ళలోనే ఎండిపోతుంది. నాలుగు సంచులు వేసేసరికి దారులన్నీ మూసుకుపోతాయి. అందుకని వేసవిలో పొద్దున్నే పని ముగించండి. ఒక సంచికీ ఇంకో సంచికీ మధ్య స్క్రీను కొంచెం పైకెత్తి పట్టి, రంగును జాలీ మీద తేలిగ్గా ఒకసారి పరిచి ఉంచండి. తడి ఆరదు. భోజనానికి లేస్తే కడిగి లేవండి. "తిని వచ్చి కడుగుదాంలే" అన్న మాటకు పోయినన్ని స్క్రీన్లు మరి దేనికీ పోలేదు.

అచ్చు పడ్డ బట్ట ఆరాక, పైన ఒక పల్చటి గుడ్డ కప్పి, వేడి ఇస్త్రీపెట్టెతో కొన్ని నిమిషాలు కదుపుతూ నొక్కాలి. ఆవిరి వద్దు. ఆ వేడికే బైండర్ గట్టిపడి రంగు బట్టను పట్టుకుంటుంది. ఇస్త్రీ చేయకుండా ఇస్తే మొదటి ఉతుకుకే సంఘం పేరు బకెట్లో తేలుతుంది.

ఇంతవరకు ఎలా అన్నది చెప్పాను. ఏం వేయాలన్నది మీ ఇష్టం. అయినా రెండు మూడు మాటలు.

కృష్ణా జిల్లా పెడన పేరు వినే ఉంటారు. మచిలీపట్నం పక్కనే. కలంకారీ అద్దకానికి పేరున్న ఊరు. టేకు దిమ్మెల మీద పూలు చెక్కి, ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మెతో బట్ట మీద అద్దుతారు. ఆ పనికి రోజులు పడతాయి. అదే పువ్వును స్క్రీను మీద ఎక్కించి రంగు లాగితే గంటల్లో అయిపోతుంది. అలా స్క్రీను బట్ట కలంకారీ పేరుతో బజారుకొచ్చి, దిమ్మె పట్టిన చేతుల పొట్ట కొట్టింది. తప్పు స్క్రీనుది కాదు, పేరు మార్చి అమ్మినవాళ్ళది. మీరు స్క్రీను మీద వేస్తే స్క్రీను ప్రింటు అనే చెప్పి అమ్మండి. మన కొండల్లో ఉన్న బొమ్మలకు ఏం కరువు? ఇప్పపువ్వు, వెదురు గెడ, భూమి పండుగ, కొమ్ముల కిరీటం. పెడన పువ్వును అరువు తెచ్చుకునే అవసరం మనకు లేదు.

పెడన వాళ్ళ దగ్గర నేర్చుకోదగినది మాత్రం ఒకటుంది. వాళ్ళ నలుపు. పాత ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. ముందుగా కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద ఆ కసిం తగలగానే నల్లగా తిరుగుతుంది. కరక్కాయ ఒగరూ ఇనుమూ కలిసి పుట్టే నలుపది. కరక్కాయ మన అడవి సరుకు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో అదీ ఒకటి. ఆ నల్ల నీళ్ళు స్క్రీనులోంచి కారిపోకుండా చిక్కబడాలంటే చింతగింజల పొడి జిగురు ఉంది. మన దేశంలో అద్దకం వాళ్ళు వాడే జిగుర్లలో అదొకటి. చింతపండు తీసేసి గింజలు పారబోసే ఊరు మనది. కొనే రంగులతో చెయ్యి తిరిగాక, ఎనామిల్ పూసిన స్క్రీనుతో ఇది వేసి చూడండి. సంచి, నలుపు, జిగురు, మూడూ ఇక్కడివే అవుతాయి.

రశీదు పుస్తకాలూ, కొట్టు సంచులూ వేసేవాళ్ళకు ఒక కిటుకు. మన చింతూరు 2014 వరకు ఖమ్మం జిల్లా. తర్వాత తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. మనం కదల్లేదు, చిరునామా కదిలింది. ప్రతిసారీ కొత్త స్క్రీను చేయించుకున్నవాళ్ళు ఎందరో. కొట్టు పేరు పైన, జిల్లా పేరు విడిగా కింద వరుసలో ఉండేట్టు బొమ్మ గీయించుకోండి. జిల్లా మారితే ఆ ఒక్క వరుస మీద గోధుమరంగు ప్యాకింగు టేపు అతికించి, పేరును అలాగే వాడుకోవచ్చు. టేపు కూడా అడ్డే కదా.

చివరిగా బడి మాస్టర్లకు. 2004లో మన రాష్ట్రంలో గిరిజన భాషల్లో పిల్లలకు చదువు చెప్పే కార్యక్రమం మొదలైనప్పుడు కోయ భాషలోనూ వాచకాలు తయారయ్యాయి, తెలుగు లిపిలో. కానీ గోడకు తగిలించే బొమ్మల పటాలు, పిల్లలు చేత్తో పట్టుకునే అక్షరాల అట్టలు మీ బడికి కావలసినన్నే కావాలి. ముప్పయ్యో నలభయ్యో. వాటి కోసం ఎవరూ ప్రెస్సు తిప్పరు. ఒక స్క్రీను, ఒక రంగు, ఒక ఆదివారం ఉంటే మీ పిల్లల చేతే వేయించవచ్చు. మీ ఊళ్ళో ఆ చెట్టును, ఆ పిట్టను ఏ మాటతో పిలుస్తారో ఆ మాటే బొమ్మ కింద పడుతుంది. పక్క ఊళ్ళో ఇంకో మాట అంటే వాళ్ళు తమ స్క్రీను తాము చేసుకుంటారు. అక్షరాలు లావుగా రాయించండి. ఒత్తులు సన్నగా ఉంటే రంగుతో నిండిపోయి మూసుకుపోతాయి. గుడి, సున్న కొంచెం పెద్దవిగా, లోపల ఖాళీ బాగా ఉండేట్టు రాయించండి. అట్టల మీద వేసేటప్పుడు కొంచెం సన్న కళ్ళ జాలీ తీసుకోండి. బట్టకు వాడే ముతక జాలీతో అట్ట మీద రంగు ఎక్కువ దిగుతుంది, ఆరడానికి ఆలస్యమవుతుంది. వేసిన అట్టలను ఒకదాని మీద ఒకటి పేర్చకండి. దండెం కట్టి క్లిప్పులతో వేలాడదీయండి. మర్నాటికి ఆరతాయి.